నంబరు సరే, మా ఊరి పేరేది?

మా ఊరి మలుపు దగ్గర కొత్త బోర్డు పాతారు. పచ్చ బోర్డు, తెల్ల అక్షరాలు. రాత్రి బండి లైటు పడితే తళతళా మెరుస్తుంది. పైన డాలు లాంటి గుర్తులో ఎన్‌హెచ్ 516ఈ అని ఉంది. కింద బాణం గుర్తులు. ఇటు వెళ్తే పాడేరు, అటు వెళ్తే అరకు. ఎన్ని కిలోమీటర్లో కూడా రాశారు.

సంత నుంచి వస్తూ మా నాయనమ్మ దాని ముందు ఆగింది. ఆమెకి చదువు రాదు.

"ఏటి రాసారురా?" అంది.

"రోడ్డు నంబరు, నాయనమ్మా."

"మన ఊరి పేరు ఎక్కడుంది?"

"లేదు."

"నంబరు బస్సుకి కదా ఉంటాది? ఊరికేటి నంబరు?"

నేను డిగ్రీ చదివాను. మండలాఫీసుకి అర్జీలు రాస్తాను, సభల్లో మైకు పట్టుకుంటాను. ఆ ప్రశ్నకి మాత్రం ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

ముందే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే కామెంట్లలో "వీళ్ళకి రోడ్డు వేసినా ఏడుపే" అని మొదలుపెడతారు. నేను రోడ్డుకి వ్యతిరేకం కాదు. డోలీ మోసిన భుజం నాది. గర్భిణిని కర్రకి కట్టిన దుప్పట్లో మోసుకుంటూ గెడ్డ దాటినవాడు రోడ్డు వద్దు అనడు. ఆ నంబరు గుర్తుకి కూడా నేను వ్యతిరేకం కాదు. అది ఉండాలి. ఇంకా ఎక్కువ చోట్ల ఉండాలి. మన మండల కేంద్రాల్లో వీధి పేరు బోర్డుల మీద కూడా ఉండాలి. నేను అడిగేది ఒక్కటే: ఆ నంబరు పేరు పక్కన ఉండాలి, పేరు కింద ఉండాలి. పేరు తీసేసి ఆ చోట్లో కూర్చోకూడదు.

"బోర్డే కదా, దీనికింత గొడవా?" అనేవాళ్ళకి ఒక రాత్రి సంగతి చెప్తాను.

రెండేళ్ళ కింద వానాకాలం. మా ఊరి కుర్రాడు ఒకడు బండి మీద వస్తూ మలుపులో జారిపడ్డాడు. వెనకాలే కారులో వస్తున్న టూరిస్టులు ఆపి అంబులెన్సుకి ఫోన్ చేశారు. మంచివాళ్ళు, ఆగారు. "ఎక్కడున్నారు?" అని అటువైపు అడిగితే, వాళ్ళకి తెలిసిందల్లా చెప్పారు: "ఎన్‌హెచ్ 516ఈ మీద." 516ఈ మీద ఎక్కడ? అది రాజమండ్రి దగ్గర మొదలై రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా పోయే రోడ్డు. వందల కిలోమీటర్లు. చుట్టూ చీకటి, కొండ, వాన. వాళ్ళు ఇంకేం చెప్పగలరు?

ఆ టైముకే మా ఊరి నుంచి ఇంకొకడు ఫోన్ చేశాడు. వాడు ఊరి పేరు చెప్పాడు, మలుపుకి మేం పిలుచుకునే పేరు కూడా చెప్పాడు. ఆ పేర్లు అటువైపు కంప్యూటర్‌లో దొరకలేదు. "హైవే మీదా, లోపలా?" అని అడిగారు. మా వాడికి ఆ రోడ్డు నంబరు తెలియదు. వాడికది రోడ్డు, అంతే.

రెండు ఫోన్లు వెళ్ళాయి. రెండూ ఒకే చోటు నుంచి, ఒకే మనిషి కోసం. ఒకడి దగ్గర నంబరు ఉంది, పేరు లేదు. ఇంకొకడి దగ్గర పేరు ఉంది, నంబరు లేదు. చివరికి మా వాళ్ళిద్దరు బండేసుకుని పెద్దూరి దాకా పోయి, బండికి ఎదురెళ్ళి, దారి చూపించి తీసుకొచ్చారు. కుర్రాడి ప్రాణం నిలిచింది. కాలు మాత్రం సరిగా అతకలేదు. ఇప్పటికీ కుంటుతాడు.

తప్పు డ్రైవరుది కాదు, ఫోన్ ఎత్తినవాళ్ళది కాదు, టూరిస్టులది అసలే కాదు. ఆ మలుపులో పేరూ నంబరూ కలిసి ఉన్న ఒక్క రేకు లేదు. అదీ సంగతి. "బోర్డే కదా" అనేవాళ్ళు ఒకసారి ఆ కుర్రాడి నడక చూసి రండి.

పట్నంలో ఒక రూలు, కొండ మీద ఇంకొకటి

విజయవాడలో బందరు రోడ్డు ఉంది. మహాత్మాగాంధీ రోడ్డు అని కూడా అంటారు. అది మచిలీపట్నం పోయే జాతీయ రహదారి 65లో భాగం. మరి విజయవాడలో ఎవరైనా "ఎన్‌హెచ్ 65లో మా షాపు" అంటారా? అనరు. బందరు రోడ్డు అంటారు. హైదరాబాద్‌లో అదే 65 దిల్‌సుఖ్‌నగర్ మీదుగా పోతుంది, కూకట్‌పల్లి మీదుగా పోతుంది. అక్కడి కాలనీ పేర్లు తీసేసి నంబరు ఒక్కటే పెడితే ఊరుకుంటారా? కార్పొరేటర్ ఇంటి ముందు కూర్చుంటారు.

అంటే పట్నంలో పేరు ముందు, నంబరు తర్వాత. అక్కడ నంబరు పేరుకి తోడు. కొండ మీదకి వచ్చేసరికి నంబరే పేరు అయిపోతోంది. మా మండల కేంద్రంలో సంత జరిగే వీధిని చిన్నప్పటి నుంచి సంత వీధి అనే పిలిచాం. ఇప్పుడు కొత్త షాపుల బోర్డుల మీద చూడండి, "ఎన్‌హెచ్ రోడ్డు" అని అడ్రస్. సంత వీధి అని ఎక్కడా ఒక్క రేకు ముక్క లేదు. ఇంకో పదేళ్ళు పోతే మా తమ్ముళ్ళకి సంత వీధి అంటే తెలియదు. వీధి పేరు ఎవరూ రద్దు చేయలేదు, తీర్మానం చేయలేదు, జీవో ఇవ్వలేదు. రాయలేదు, అంతే. మన పేర్లు ఎప్పుడూ ఇలాగే పోతాయి.

దీనికి రూల్స్ ఒప్పుకోవని ఎవరైనా అంటే నమ్మకండి. రోడ్డు గుర్తులకి ఈ దేశంలో ఒక కోడ్ ఉంది, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళది, ఐఆర్‌సీ 67. అందులో రూట్ మార్కర్‌కి చోటుంది. ఊరి పేరు చెప్పే బోర్డుకీ చోటుంది. ఒకటి పెట్టి ఇంకొకటి మానేయమని అందులో లేదు.

రైలు సంగతి చూడండి. కొత్తవలస–కిరండూల్ లైను 1960లలో వేశారు. ఎందుకు? బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని సముద్రం దాకా మోసుకెళ్ళడానికి. మన కోసం కాదు. మనం ఎక్కుతామని కాదు. అయినా ఆ లైను మీద ప్రతి స్టేషన్‌లో పసుపు బోర్డు ఉంటుంది. చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస. రైలుకి నంబరు ఉంది, స్టేషన్‌కి పేరు ఉంది. రెండిటికీ తగువు రాలేదు. మన రాయి మోసుకెళ్ళడానికి వచ్చిన రైలు కూడా మన ఊరి పేరు రాసింది. మన అభివృద్ధి కోసమే వచ్చానని చెప్పే రోడ్డు మాత్రం రాయదా?

నంబరు చుట్టం, పేరు ఇంటిది

516ఈ అనే నంబరు ఎలా వచ్చిందో మనలో చాలామందికి తెలియదు. 16 అంటే చెన్నై నుంచి కోల్‌కతా వైపు పోయే పెద్ద రోడ్డు. దానికి కొమ్మలాంటి రోడ్లకి ముందు ఒక అంకె, వెనక ఒక అక్షరం తగిలిస్తారు. అంటే 516ఈ అన్నది మన కొండని చూసి పెట్టిన గుర్తు కాదు. సముద్రపు ఒడ్డున పోయే రోడ్డుని చూసి పెట్టిన గుర్తు. ఆ 16 కూడా పుట్టినప్పటి నుంచి 16 కాదు. 2010లో దేశంలో రహదారుల నంబర్లన్నీ మార్చారు. అప్పటిదాకా అది ఎన్‌హెచ్ 5. హైదరాబాద్ మీదుగా నాగపూర్ పోయే 7, ఇప్పుడు 44. ములుగు, ఏటూరునాగారం వైపు పోయే 202, ఇప్పుడు 163.

చింతూరు సంగతి ఇంకా చిత్రం. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా జగదల్‌పూర్ పోయే రోడ్డు ఒకప్పుడు 221. ఇప్పుడు 30. ఆ ఊరు ఖమ్మం జిల్లాలో ఉండేది. 2014లో ముంపు మండలాలతో పాటు ఆంధ్రాలో కలిపి తూర్పు గోదావరి అన్నారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అన్నారు. రాష్ట్రం మారింది, జిల్లా మారింది, రోడ్డు నంబరు మారింది. కోయ మనిషి అన్నిటికీ తల ఊపాడు, ఆధార్‌ కార్డులో అడ్రస్ మార్చుకోవడానికి మీ సేవ ముందు లైన్లో నిలబడ్డాడు. మారనిది ఒక్కటే, చింతూరు అన్న పేరు.

నంబరు చుట్టంలాంటిది. వస్తుంది, ఉంటుంది, ఒకరోజు పోతుంది. రేపు ఊరి బయట బైపాస్ వేస్తే నంబరు బైపాస్‌కి వెళ్ళిపోతుంది. పాత రోడ్డుకి ఏ నంబరూ ఉండదు. అప్పుడు "ఎన్‌హెచ్ రోడ్డు" అని అడ్రస్ రాసుకున్న షాపులు, ఇళ్ళు ఏమవుతాయి? పేరూ లేక, నంబరూ లేక మిగులుతాయి. అందుకే నా మాట: వీధి పేరు పెద్ద అక్షరాలతో పైన గట్టిగా బిగించండి. నంబరు గుర్తుని కింద వేరే రేకు మీద పెట్టండి. నంబరు మారితే ఆ రేకు విప్పి ఇంకొకటి బిగిస్తారు. పేరు కదలదు. ఇది విప్లవం కాదు, నాలుగు బోల్టుల పని.

ఈ రోడ్డు ఎవరి చెమట?

లంబసింగి అని అందరికీ తెలుసు. డిసెంబరులో రీల్స్ నిండా అదే. "ఆంధ్రా కశ్మీర్" అని పేరు పెట్టారు. మన పెద్దవాళ్ళు దాన్ని లమ్మసింగి అంటారు. కొర్రబయలు అని కూడా అంటారు. చలికి బయట ఉన్న మనిషి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందని చెప్తారు. చూడండి, ఆ పేరులోనే హెచ్చరిక ఉంది, వాతావరణం ఉంది, బతికిన మనిషి అనుభవం ఉంది. "ఆంధ్రా కశ్మీర్"లో ఏముంది? ఎక్కడో ఉన్న ఇంకో చోటు ఉంది. 516ఈలో ఏముంది? ఎక్కడో ఉన్న ఇంకో రోడ్డు ఉంది.

ఆ లంబసింగికి రోడ్డు ఎలా పడిందో మరిచిపోకండి. వందేళ్ళ కింద నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన పెద్దలచేత పని చేయించాడు. అరకొర కూలి, ఎదురు మాట్లాడితే దెబ్బలు. 1922లో మన్యం తిరగబడటానికి ఉన్న కారణాల్లో ఆ రోడ్డు పని ఒకటి. ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్ళారు. సీతారామరాజు వెంట గాం గంటందొర, గాం మల్లుదొర నడిచారు. ఇవాళ 516ఈ మీద పోయే మనిషి ఆ రాజవొమ్మంగి, కొయ్యూరు, చింతపల్లి మీదుగానే పోతున్నాడు.

మన పెద్దలు రోడ్డుని ద్వేషించి తిరగబడలేదు. తమ చెమటతో వేసిన రోడ్డు మీద తమకి మనిషి విలువ లేదని తిరగబడ్డారు. వందేళ్ళ తర్వాత బెత్తం లేదు, బాస్టియన్ లేడు. కానీ ఆ రోడ్డు మీద మన పేరు ఇంకా లేదు.

పేరు పోతే వెనకాల ఏం పోతుంది?

ఇప్పుడు అసలు విషయం. దీని వెనక భూమి ఉంది.

ఫోన్ తెరిస్తే వీడియోలు వస్తున్నాయి. "హైవే ఫేసింగ్", "రిసార్ట్‌కి అనువైన స్థలం", "వ్యాలీ వ్యూ". ఎక్కడ అని చూస్తే మన కొండే. ఊరి పేరు చెప్పరు. 516ఈ అంటారు. ఎందుకు చెప్పరు? ఊరి పేరు చెప్తే అది ఏజెన్సీ అని తెలిసిపోతుంది. ఏజెన్సీ అని తెలిస్తే 1/70 గుర్తొస్తుంది. 1959 భూబదలాయింపు నిబంధనని 1970లో సవరించి బిగించిన చట్టం అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి బదిలీ అయితే అది చెల్లదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. అంటే ఆ వీడియోలో చూపించే స్థలాన్ని చూస్తున్నవాళ్ళలో చాలామంది చట్టప్రకారం కొనలేరు. అందుకే బినామీ పేర్లు, అందుకే లీజు కాగితాలు, అందుకే మన అమాయకుడి వేలిముద్ర.

నంబరుకి చట్టం అంటదు. 516ఈ అంటే రాజమండ్రి పక్కనా 516ఈనే, విజయనగరం పక్కనా 516ఈనే, మధ్యలో మన కొండ మీదా 516ఈనే. నంబరు అంతటినీ ఒకే చదునుగా చూపిస్తుంది. మైదానానికీ ఏజెన్సీకీ మధ్య రాజ్యాంగం ఐదో షెడ్యూలుతో గీసిన గీత నంబరులో కనపడదు. ఊరి పేరులో కనపడుతుంది. "పుట్టు" అని ముగిసే పేరు వినగానే మనకి ఏ వైపో, ఏ మండలమో సగం తెలిసిపోతుంది కదా? మనకి తెలిసేది కొనడానికి వచ్చినవాడికి కూడా తెలియాలి.

బోర్డు పెడితే భూమి కాపాడబడుతుందా అని అడుగుతారు. నేను పిచ్చివాణ్ణి కాదు. 1/70 ఉండగానే భూములు పోయాయి, రేకు ముక్క ఆపుతుందా? ఆపదు. కానీ "మాకు తెలియదండీ, హైవే పక్క స్థలమే కదా అనుకున్నాం" అనే సాకు మాత్రం పోతుంది. ఏజెన్సీలోకి రోడ్డు అడుగుపెట్టే చోట పెద్ద బోర్డు ఉండాలి: ఇక్కడి నుంచి షెడ్యూల్డ్ ప్రాంతం, 1/70 అమలులో ఉంది, గ్రామసభ అధికారం ఉంది. ఏనుగులు దాటు చోటు అని బోర్డు పెడతారు, లోయ ఉంది జాగ్రత్త అని పెడతారు. ఇక్కడ చట్టం ఉంది జాగ్రత్త అని ఎందుకు పెట్టరు?

మనోళ్ళతో రెండు మాటలు

ఇప్పుడు మన లోపలి వాదనలు. ముందుగా, "నీళ్ళు లేవు, టీచర్ రాడు, పట్టాలు రాలేదు, నువ్వు బోర్డుల గోల పెట్టావు" అనే అన్నలు. అన్నా, నీ కోపం నాకు అర్థమైంది. కానీ ఒకటి ఆలోచించు. నీళ్ళ ట్యాంకు మంజూరు కావాలంటే ఊరి పేరు కావాలి. టీచర్ పోస్టుకి ఊరి పేరు కావాలి. పోడు పట్టా మీద ఊరి పేరు కావాలి. కాగితంలో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు ఉందని అర్జీ తిరిగొచ్చిన రోజులు నీకూ ఉన్నాయి, నాకూ ఉన్నాయి. పేరు పెద్ద సమస్యల తర్వాత చూసుకునే చిన్న సమస్య కాదు. ప్రతి పెద్ద సమస్య కాగితం మీద మొదటి లైను అదే.

ఇంకొకరు, వేడి నెత్తురు తమ్ముళ్ళు. "ఆ నంబరు బోర్డులకి నల్లరంగు పూసేద్దాం అన్నా" అని మెసేజ్ పెట్టారు. వద్దు. గట్టిగా చెప్తున్నాను, వద్దు. ఆ రాత్రి మా కుర్రాడి కోసం ఫోన్ చేసిన టూరిస్టుకి ఆ నంబరు కూడా కనపడకపోతే ఏం చెప్పేవాడు? మనం చెరిపేవాళ్ళం కాదు. చెరిపేయడం మన మీద జరిగిన పని. మనం రాసేవాళ్ళం కావాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి: ఎవరు రాయాలి? కాంట్రాక్టరుకి ఒక ఇంగ్లీషు లిస్టు ఇస్తారు. అతను దాన్ని తెలుగులోకి తిప్పుతాడు. ఇంగ్లీషు డి అక్షరానికి ద, డ తేడా తెలియదు. అందులో పడి గెడ్డ కాస్తా గెద్ద అయిపోతుంది. నీళ్ళు పారే వాగు పేరు పిట్ట పేరు అయిపోతుంది! నవ్వొస్తుంది. కానీ అదే తప్పు రేపు మ్యాపులోకి పోతుంది, మ్యాపు నుంచి రికార్డులోకి పోతుంది, రికార్డు నుంచి మన పిల్లవాడి కుల ధ్రువపత్రంలోకి పోతుంది. అప్పుడు నవ్వు రాదు. కువి మాట్లాడే ఊరి పేరు, కోయ ఊరి పేరు, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊరి పేరు ఎలా పలకాలో ఆ ఊరి పెద్దలకే తెలుసు. కాబట్టి పేరు గ్రామసభలో ఖరారు కావాలి. దీనికి చట్టం ఉంది. 1996 పెసా చట్టం నాలుగో సెక్షన్‌లో మన ఆచారాలు, మన సాంస్కృతిక గుర్తింపు కాపాడుకునే అధికారం గ్రామసభకి ఉందని రాసి ఉంది. ఊరి పేరు కంటే పెద్ద సాంస్కృతిక గుర్తింపు ఏముంది?

ఇది ఎక్కడా జరగని పని కాదు. కెనడాలో వాంకూవర్ నుంచి విస్లర్ వైపు హైవే 99 పోతుంది. 2010 వింటర్ ఒలింపిక్స్ కోసం ఆ రోడ్డు బాగుచేశారు. ఆ దారిలో బోర్డుల మీద ఇంగ్లీషు పేరుతో పాటు స్క్వామిష్ ఆదివాసుల భాషలో కూడా ఊరి పేరు ఉంటుంది. హైవే నంబరు దాని మానాన అది ఉంది. వాళ్ళ రాతలో 7 అనే అంకె ఒక శబ్దానికి అక్షరంగా వాడతారు. అక్కడ అంకె వెళ్ళి వాళ్ళ మాటలో అక్షరమై కూర్చుంది. ఇక్కడ మన అక్షరం పోయి అంకె మిగిలింది. వాళ్ళ పోరాటం కూడా ఇంకా అయిపోలేదు, భూమి గొడవలు అక్కడా ఉన్నాయి. కానీ ఆ దారిన పోయే ప్రతి కారూ అది ఎవరి నేలో చదువుకుంటూ పోతోంది.

మనం అడిగేది ఇదీ

1. మండల కేంద్రాల్లో హైవే వీధిగా సాగే చోట, వీధి పాత పేరు పెద్ద అక్షరాలతో పైన, రహదారి నంబరు గుర్తు కింద విడి రేకు మీద ఉండాలి.

2. హైవే నుంచి విడిపోయే ప్రతి దారి దగ్గర లోపల ఉన్న ఊళ్ళ పేర్లు, కిలోమీటర్లు రాయాలి. పది ఇళ్ళ గూడెం అయినా సరే.

3. ఘాట్ మలుపుల్లో, గెడ్డల దగ్గర స్థానిక పేరు, రహదారి నంబరు, కిలోమీటరు మూడూ ఒకే బోర్డు మీద ఉండాలి. అంబులెన్సువాళ్ళకీ అదే పట్టిక ఇవ్వాలి.

4. ఏ పేరు, ఏ అక్షరాలతో అన్నది గ్రామసభ తీర్మానం ప్రకారమే ఉండాలి.

5. షెడ్యూల్డ్ ప్రాంతం మొదలయ్యే చోట, ముగిసే చోట, 1/70 గురించి స్పష్టంగా చెప్పే బోర్డు పెట్టాలి.

ఇందులో ఒక్కటైనా జరగని పనా? కొండని తొలిచి రోడ్డు వేసినవాళ్ళకి రెండు రేకులు బరువా?

అడిగి ఊరుకుంటే రాదు, అది మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ వారం ఒక పని చేయండి. మీ ఊరి మలుపు దగ్గర ఉన్న బోర్డు ఫోటో తీయండి. అందులో మీ ఊరి పేరు ఉందా, ఉంటే సరిగా ఉందా చూడండి. సాయంత్రం పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని మలుపుల పేర్లు, గెడ్డల పేర్లు, వీధుల పేర్లు, రాళ్ళ పేర్లు అడగండి. నోటుబుక్కులో రాసుకోండి. వాళ్ళు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి, పలకడం అందులోనే తెలుస్తుంది. వచ్చే గ్రామసభలో దాన్ని తీర్మానంగా పెట్టండి. తీర్మానం నకలు ఐటీడీఏ పీవోకి, కలెక్టరుకి, రోడ్డు శాఖకి పంపి, అందినట్టు రసీదు తీసుకోండి. రసీదు మరిచిపోకండి, మన ఉద్యమాల్లో సగం ఓడిపోయింది రసీదు లేకే.

నేను మా ఊళ్ళో మొదలుపెట్టాను. మా నాయనమ్మ ఒక్క సాయంత్రంలో మా ఊరికీ సంతకీ మధ్య ఇరవై మూడు పేర్లు చెప్పింది. ప్రతి మలుపుకీ ఒక పేరు, ప్రతి గెడ్డకీ ఒక పేరు. కుర్రాడు పడిపోయిన చోటుకి కూడా పేరుంది. ఆ ఇరవై మూడిట్లో ఆ రోడ్డు మీద రాసి ఉన్నవి ఎన్ని అంటే, ఒక్కటి కూడా లేదు.

చెప్పడం అయ్యాక అడిగింది: "ఇవన్నీ ఆ రేకు మీద పడతాయా?"

"పట్టేలా చేయిస్తాం నాయనమ్మా" అన్నాను. ఆమెకి ఇచ్చిన మాట అది. ఇప్పుడు మీ అందరి ముందు మళ్ళీ ఇస్తున్నాను.

నంబరు ఉండనీ. మా పేరు పైన ఉండాలి.

జల్, జంగల్, జమీన్, వాటితో పాటు మా పేరు కూడా మాదే.

జై ఆదివాసీ! జోహార్!